తలకట్టు లేని మాటలు

మా లింబాద్రి మామ లెక్కలో వస్తువులు రెండే రకాలు. స్క్రూలు ఉన్నవి, స్క్రూలు లేనివి.

"స్క్రూ లేదంటె అది నీ వస్తువు కాదు కోడలా. కంపెనీవాడు నీకు కిరాయికిచ్చిండు. లోపల ఏం జరుగుతున్నదో నువ్వు చూడొద్దని మూతి అతికిచ్చిండు" అంటాడు.

మామ మా అమ్మకు తమ్ముడు. మెట్‌పల్లిలో మోటారు వైండింగ్ షాపు నడుపుతాడు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టడం అతని పని, కంప్యూటర్లు అతని పిచ్చి. కొత్తది ఏది వచ్చినా ఎక్కడో ఒకచోట సంపాదించి, విప్పి, వాడి, తన వెబ్ పేజీలో తెలుగులో అభిప్రాయం రాసి పదికి మార్కులు వేస్తాడు. నాలుగు వందల మంది చదువుతారు. వాళ్ళకంటే ముందు చదివి తప్పులు దిద్దేది నేను.

పాత హార్డ్ డిస్కుకు ఎనిమిది వేశాడు. "పోయే ముందు టక్కుటక్కుమని వారం రోజులు చెప్తది. ఇప్పటివి చెప్పకుంట పోతయి, మర్యాద లేదు." కాగితంలా పలచగా ఉండే ల్యాప్‌టాప్‌కు నాలుగు. "సన్నగున్నదని మురుస్తరు. ఎండాకాలం ఒడిల పెట్టుకుంటె దాని మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చు." కళ్ళద్దాల్లో కంప్యూటర్ వచ్చినప్పుడు మూడే. "చెమటకు జారుతది. మన ముక్కులను చూసి చేసింది కాదు." ఏ వస్తువుకైనా ఎనిమిది నెలలు వాడిన తరవాతే మార్కులు వేస్తాడు. ఒక్క వస్తువుకు మాత్రం ఎనిమిది నెలలు దాటినా వేయలేకపోయాడు. ఇది దాని కథ.

మా అమ్మ పేరు గంగామణి. పాత బస్టాండు పక్కన చిన్న గదిలో పంతొమ్మిదేళ్ళు డీటీపీ చేసింది. పెళ్ళి కార్డులు, దశదిన కర్మ పత్రికలు, తహసీల్దారుకు అర్జీలు. అమ్మ నేర్చుకున్నది పాత కీబోర్డు పద్ధతి. అందులో అక్షరం వేరు, దాని నెత్తిన ఉండే తలకట్టు వేరు. "క" కావాలంటే ముందు తల లేని "క" వస్తుంది, తరవాత కుడిచేతి ఉంగరపు వేలితో తలకట్టు కీ కొట్టాలి. మరిచిపోతే అక్షరం బోడిగా ఉండిపోతుంది. కొత్త పద్ధతి నేర్చుకొమ్మని మామ ఎన్నిసార్లు చెప్పినా "నా వేళ్ళకు ఇదే ఎరుక" అనేది.

నా పేరు కూడా ఆ కీబోర్డు మీదే పుట్టింది.

"నువ్వు పుట్టినప్పుడు నిండా లగ్గాలు. తలకట్లు కొట్టి కొట్టి ఉంగరపు వేలు వాచిపోయింది. తలకట్టు లేని పేరు వెతికిన. జ కు లేదు, ల కు లేదు. జలజ! రెండే కీలు, రెండూ ఎడమచేతికే. ఎంత సుఖమైన పేరో" అని నవ్వేది.

గిరాకీల ఫైళ్ళన్నీ నా పేరు మీదే దాచేది. జలజ 1, జలజ 2, అట్లా. ఎవరైనా వచ్చి "పోయినేడు మా బిడ్డ లగ్గం కార్డు ఉన్నదా గంగామణక్కా" అంటే, "జలజ పద్దెనిమిది వందల ఆరు" అని చూడకుండానే చెప్పేది.

పోయినేడాది ఆషాఢంలో, ముహూర్తాలు లేక షాపు ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం, మామ ఒక కొత్త కీబోర్డు, దానికి వేలాడుతున్న అగ్గిపెట్టెంత డబ్బీ పట్టుకొచ్చాడు. ఏదో చిన్న కంపెనీ వాడి చూసి చెప్పమని పంపిందట. డబ్బీకి నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. అది చూడగానే మామకు సగం నచ్చేసింది.

"దీని పేరు నీడ అని పెట్టిన. నువ్వు రోజూ చేసే పనే చెయ్యక్కా. అది నీ పాత ఫైళ్ళన్నీ చదివి, నీ వేళ్ళను చూసి నేర్చుకుంటది."

నెల తిరిగేసరికి అది నేర్చుకుంది. అమ్మ "శ్రీరస్తు" కొట్టి వేలు ఎత్తగానే, ఆ వేలు ఇంకా కిందికి దిగకముందే, "శుభమస్తు" తెర మీద ఉండేది.

"ఫోన్లు కూడ చేస్తయి గదా మామా" అన్నాను.

"ఫోను మాటను చూసి చెప్తది. ఇది వేలును చూస్తది. ఒక కీ మీది నుంచి వేలు ఎట్ల లేచిందో చూసి, ఎక్కడ దిగుతదో పట్టుకుంటది. మొదటి మాట దాకా ఆగుతది, ఆ తరవాత అదే అందుకుంటది. లోపలున్న చిప్పు మనిషి నరం లెక్క అల్లుకుంటదట. ఒక్కసారి అల్లుకున్నది ఇగ ఊడదు."

అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "నీడ అంటివి. నా ముందట ఉరుకుతున్నదేందిరా తమ్మీ?"

"పొద్దు ఎనుకకున్నప్పుడు నీడ ముందటనే ఉంటదక్కా."

"మంచిగ నేర్చినవ్ మాటలు" అని అమ్మ మళ్ళీ కొట్టడంలో పడింది. ఆ మాఘంలో రోజుకు పది కార్డులు చేసింది. వేలు వాయలేదు. మామ తన పేజీలో రాయడానికి అన్నీ గుర్తుగా రాసి పెట్టుకున్నాడు. మార్కుల చోట మాత్రం ఖాళీ.

ఏప్రిల్‌లో, నా ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిన వారానికి, అమ్మ షాపులో కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయింది.

పక్షవాతం. ప్రాణానికి భయం లేదన్నారు. కానీ నోరు పడిపోయింది. కుడికాలు ఈడుస్తుంది. కుడిచేతిలో బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కొంచెం కదులుతాయి, మిగిలిన రెండూ కదలవు. జగిత్యాలలో డాక్టరమ్మ మా నాన్నను, అంటే బాపును, మామను, నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "ఆమెకు అన్నీ తెలుస్తున్నయ్. మాట బయటికి రాదు, అంతే. చేతికి పని చెప్పండి. మొదటి ఆరు నెలల్ల ఎంత వస్తే అంత. ఆ తరవాత చెయ్యి మొండికేస్తది."

అమ్మను ఇంటికి తెచ్చిన రోజు నేను డైరీలో ఆరు నెలల తేదీలు వరసగా రాసుకున్నాను. అక్టోబరు పధ్నాలుగు దగ్గర ఆగాను.

షాపులోని కంప్యూటర్ని మామ మర్నాడే ఇంటికి తెచ్చి అమ్మ మంచం పక్కన పెట్టాడు. కీబోర్డు, నీడ, అన్నీ. అమ్మ వెనక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. అమ్మ చేతులు కీల మీదికి వచ్చాయి. ఎడమచెయ్యి సరిగ్గా తన చోట ఆగింది. కుడిచెయ్యి వణికింది.

తెర మీద మూడు అక్షరాలు పడ్డాయి. జలజ.

బాపు ఆర్టీసీ డ్రైవరు. ఖాకీ చొక్కాతోనే నేల మీద కూలబడి ఏడ్చాడు. మామ తన తల తానే కొట్టుకుంటూ నవ్వాడు. "చెప్పలేదా బావా! నీడకు అక్క వేళ్ళన్నీ ఎరుకే. ఇగ అక్క మాట్లాడుతది."

నిజంగానే అమ్మ మాట్లాడింది. వేళ్ళు కీల మీద కొంచెం కదిలితే చాలు, వాక్యాలు వాక్యాలు వచ్చేవి. అయితే ఆ మాటల తీరే వేరు.

"గోలీలు వేసుకున్నవా?" అని బాపు అడిగితే, "తమరి శుభాశీస్సులతో మందులు స్వీకరించితిని" అని పడేది.

"ఇరవై ఏండ్లల్ల నన్ను తమరు అన్నది ఇదే మొదలు" అని బాపు పగలబడి నవ్వాడు. "నోరు పోతె గాని మర్యాద రాలే చూడు లింబాద్రీ."

"కార్డులు కొట్టి కొట్టి అక్కకు ఆ భాషనే అంటుకున్నది బావా."

ఒకరోజు బాపు డ్యూటీకి పోతుంటే తెర మీద "మీ రాకకై ఎదురుచూచు, మీ గంగామణి" అని వచ్చింది. బాపు దాన్ని ప్రింట్ తీయించుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి ఖాకీ చొక్కా జేబులో, గుండె మీద పెట్టుకున్నాడు. చొక్కా ఉతకడానికి వేసే ముందు జేబులోంచి తీసి, ఆరిన చొక్కాలో మళ్ళీ పెట్టుకునేవాడు.

అమ్మ మాటల్లో ఇంకొక విచిత్రం ఉండేది. చాలా వాక్యాలు "వద్ద" అని మొదలయ్యేవి. "వద్ద గల పద్మావతి ఫంక్షన్ హాలు నందు విందు కలదు." చూడడానికి వచ్చిన పక్కింటి రాజవ్వ పెద్దమ్మకు చదివి వినిపిస్తే, "మంచంల పడ్డా లగ్గాల ముచ్చట్లేనానే గంగామణీ!" అని నవ్వింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. రాజవ్వ పెద్దమ్మ ఇంకా నవ్వింది. నేను కూడా నవ్వాను.

అమ్మ రాసిన ప్రతి మాటా తేదీ వేసి డైరీలో ఎక్కించేదాన్ని. రెండు నెలల్లో నోట్‌బుక్ సగం నిండింది. అమ్మ చెయ్యి మాత్రం బాగుపడలేదు. మొదట్లో మెత్తటి బంతిని ఇస్తే నొక్కేది. జూన్ నెలాఖరుకు బంతి చేతిలోంచి జారి మంచం కిందికి పోయేది. నొక్కాల్సిన పని లేదు కదా, వేలు గాలిలో ఉండగానే అక్షరం పడుతుంటే.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వాన పడుతున్నది. నేను అమ్మకు జావ తాగిస్తున్నాను. రెండు చెంచాల తరవాత అమ్మ కీబోర్డు వైపు చూసింది. దగ్గరికి జరిపాను. చేతిలో చెంచా ఉంది కాబట్టి, ఏదో ఒక లగ్గం ముచ్చటే వస్తుంది కాబట్టి, నేను తెర పైభాగం చూడలేదు. అమ్మ వేలి దగ్గర, అక్షరం పుట్టే చోటే చూస్తున్నాను.

బోడి "వ" పడింది. తలకట్టు లేదు. దాని పక్కన బోడి "ద్దు". దానికీ తలకట్టు లేదు.

వద్దు.

నేను కనురెప్ప వేసే లోపల రెండు అక్షరాల నెత్తినా తలకట్లు వచ్చి కూర్చున్నాయి. "ద్దు" పక్కనున్న కొమ్ము మాయమైంది. వద్ద. ఆపైన పరుగు. "వద్ద గల మా స్వగృహమునందు మేమంతా క్షేమము."

అమ్మ వేళ్ళు కీల మీద కదలకుండా ఉన్నాయి. మాటలు ఇంకా వస్తూనే ఉన్నాయి. నేను తెర నుంచి తల తిప్పి అమ్మ ముఖం చూశాను. కళ్ళలోంచి నీళ్ళు జావ గిన్నెలోకి కారుతున్నాయి. తెర మీద "క్షేమము" అని ఉంది.

రెండు నెలలుగా మేమందరం తెరనే చూశాం.

మర్నాడు డైరీ పట్టుకుని మామ షాపుకు పోయాను. నోటితో చెప్పాలంటే నాకు ముందు నుంచీ కష్టమే. మామ కింద కూర్చుని మోటారుకు తీగ చుడుతున్నాడు. డైరీ అతని ఒడిలో పెట్టాను. "వద్ద" అని మొదలైన వాక్యాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టాను. నలభై మూడు.

"ఏందే ఇది?"

"అవి వద్ద కాదు మామా. వద్దు. అమ్మ ఉంగరపు వేలు లేవది. తలకట్టు అమ్మ కొట్టలేదు. తలకట్టు ఉన్న మాటేదీ అమ్మది కాదు."

మామ నవ్వబోయి ఆగాడు. "ఊకె గుబులు పెట్టుకుంటున్నవ్ కోడలా. అది తప్పులు దిద్దుతది. తలకట్టు పెడితె తప్పేంది? నీళ్ళు కావాలంటె నీళ్ళని వస్తలేదా?"

"వస్తున్నది. నీళ్ళకు, గోలీలకు వస్తున్నది. వద్దంటె మాత్రం ఫంక్షన్ హాలు వస్తున్నది. పంతొమ్మిదేండ్ల కార్డులల్ల వద్దు అని ఎవ్వలు కొట్టిస్తరు మామా? దానికి ఆ మాటనే తెల్వది."

మామ చేతిలోని తీగ ఉండ నేల మీద దొర్లిపోయింది. చాలాసేపు డైరీ తిరగేశాడు. తరవాత లేచి, షట్టర్ దించకుండానే, నాతోపాటు ఇంటికి వచ్చాడు. నీడ లోపల దాచుకున్నదంతా తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి చూశాడు. దిద్దకముందు వచ్చినవి ఒక వరస, దిద్దినవి ఒక వరస. నలభై మూడు కాదు. అరవై ఒకటి. కొన్ని మేము ఇంట్లో లేనప్పటివి.

"నా పేరు?" అని అడిగాను. "మొదటి రోజు జలజ అని వచ్చింది గదా మామా. అది అమ్మ కొట్టిందా, అదే కొట్టిందా?"

మామ ఆ రెండు వరసలూ మళ్ళీ చూశాడు. "వేలు ఆనిందా, గాల్ల ఉన్నదా, దీనికి రెండూ ఒక్కటే లెక్క. తలకట్టును బట్టే అక్కదేదో తెలుస్తున్నది. నీ పేరుకేమో తలకట్టే లేదు." తల దించుకున్నాడు. "నీ పేరుతోని రెండు వేల ఫైళ్ళున్నయి. అదే కొట్టి ఉండొచ్చు. చెప్పలేను కోడలా."

సాయంత్రం బాపు డ్యూటీ దిగి వచ్చాక మామ అంతా చెప్పాడు. బాపు కోపం చేస్తాడనుకున్నాను. జేబులోంచి ఆ కాగితం తీసి, మడతలు విప్పి, మొదటిసారి చదువుతున్నట్టు చదివాడు. తలకట్లన్నీ ఉన్నాయి.

"అయితె ఇది ఆమె అన్నది కాదా?"

బాపు కాగితాన్ని మళ్ళీ పాత మడతల మీదే మడిచాడు.

"రెండు నెలలు దీన్ని జేబుల పెట్టుకొని బస్సు నడిపిన" అన్నాడు బాపు. మామ వైపు తిరిగి, "తీసేస్తె మొత్తమే మాట ఉండదు గదా లింబాద్రీ. ఈ లగ్గం ముచ్చట్లన్న ఉండనియ్యరాదా?" అన్నాడు.

అప్పుడు నేను మంచం మీద అమ్మకు ఎదురుగా కూర్చున్నాను. తెరను అటు తిప్పేశాను. "అమ్మా, దీన్ని తీసేయాల్నా?"

అమ్మ తల నిలువుగా ఊపింది. ఒకసారి కాదు. దిండు జారి కింద పడేదాకా ఊపింది.

బాపు లేచి వచ్చి ఆ దిండు తీసి అమ్మ వెనక సర్దాడు. మామ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. చెయ్యి సాగలేదు. ఏడాదిగా బిడ్డను పెంచినట్టే పెంచాడు దాన్ని. నాకు ఇచ్చాడు. నాలుగు స్క్రూలు విప్పాను. లోపల చిప్పు వేలిగోరంత కూడా లేదు. దాన్ని ఊడబెరికితే, అందులో అల్లుకున్న అమ్మ చేతులు, ఆరోగ్యంగా ఉన్నప్పటి చేతులు, మళ్ళీ రావని మాకందరికీ తెలుసు. అమ్మే ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని ముందుకు నెట్టింది.

ఆ తరవాత ఇల్లు బావిలా అయిపోయింది. పొద్దంతా రెండు మాటలు, మూడు మాటలు. ఒక్కొక్క కీ నొక్కడానికి అమ్మకు నుదుటిమీద చెమట పట్టేది. "అన్నం తిన్నవా" అన్న మాటకు పావుగంట పట్టింది, అన్నీ బోడి అక్షరాలే. తలకట్టు కీకి ఎడమచెయ్యి వాడొచ్చు కదా అని చూపించాను. అమ్మ ఎడమచెయ్యి అటువైపు పోలేదు. కుడి ఉంగరపు వేలినే చూస్తూ, లేవమని దాన్ని బతిమాలుతున్నట్టు కూర్చునేది. అది లేవలేదు. మిగిలిన మూడు వేళ్ళు మాత్రం ఆగస్టుకు బంతిని పట్టుకున్నాయి.

ఒక పొద్దున బాపు బూట్లు తొడుక్కుంటుంటే తెర మీద మెల్లమెల్లగా వచ్చింది. "మెల్లగ పో." అందులో "గ" కు తల లేదు.

రోజూ డ్యూటీకి పోయే ముందు అమ్మ అనే మాటే అది. నేను వంగి తలకట్టు పెట్టబోయాను.

"ముట్టకు" అన్నాడు బాపు. "గట్లనే ప్రింట్ తీయి."

పాత కాగితాన్ని చింపలేదు. బీరువాలో పెట్టాడు. కొత్తది జేబులోకి పోయింది.

ఆ వారమే మామ తన పేజీలో నీడ గురించి రాశాడు. నేనే దిద్దాను. "వస్తువుకు తొమ్మిది మార్కులు. వేగంలో, పనితనంలో ఇంతటిది నేను చూడలేదు. స్క్రూలు కూడా ఉన్నాయి. మా ఇంటికి సున్నా. మనం ఆగిన చోట ఆగడం దానికి రాదు." దిద్దడానికి అందులో తప్పులేమీ లేవు.

నా పేరు మాత్రం అమ్మ కొట్టలేదు. నేను పక్కనే ఉంటాను కదా, పేరు పెట్టి పిలిచే పని ఏముంది? అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే కొడుతుంది. అడిగాక కొడితే అది వేరు.

సెప్టెంబరులో రాజవ్వ పెద్దమ్మ మనవరాలి లగ్గం కుదిరింది. "కార్డు గంగామణే చెయ్యాలె" అని పట్టుబట్టింది పెద్దమ్మ. "నెల పట్టినా సరే. ఈసారి నేను నవ్వనే."

పన్నెండు రోజులు పట్టింది. అమ్మ అక్షరం కొట్టేది, నేను కుడిపక్కన కూర్చుని తలకట్టు కొట్టేదాన్ని. మొదట్లో అమ్మ ఒకటి కొట్టి ఆగితే నేను వెతుక్కునేదాన్ని. నాలుగు రోజులకు ఒక ఊపు వచ్చింది. అమ్మ, నేను. అమ్మ, నేను. దీర్ఘం వస్తే నేను ఊరుకోవాలి, కొమ్ము వస్తే ఊరుకోకూడదు. తప్పు కొడితే అమ్మ మోచేత్తో నా డొక్కలో పొడిచేది. పొడవగలిగేటంత బలం ఆ మోచేతికి వచ్చింది. బంధుమిత్రుల అభినందనలతో అన్న చివరి వరస అయ్యేసరికి ఇద్దరికీ చెమటలు.

ఇక ఫైలు దాచాలి. పేరు పెట్టమని తెర మీద చిన్న గడి వచ్చింది.

అమ్మ ఎడమచెయ్యి కదిలింది. పన్నెండు రోజుల అలవాటు కొద్దీ నా వేలు తలకట్టు కీ మీదికి పోయింది. అమ్మ ఆగింది. వణికే కుడిచేత్తో నా వేలిని పట్టుకుని, కీ మీద నుంచి పక్కకు జరిపి, అక్కడే గట్టిగా పట్టుకుని ఉంచింది.

తరవాత ఎడమచేత్తో కొట్టింది. టక్. టక్. టక్.

తెర మీద ఏం పడిందో నేను చూడలేదు. అమ్మ ముఖమే చూస్తున్నాను.